పరిశ్రమ వచ్చి సరిహద్దును జరిపిందా, సరిహద్దును చూసుకుని పరిశ్రమ వచ్చిందా?

ప్రశ్న: అశోక్‌నగర్ పాఠకుడు

అందరికీ నమస్కారం. భూగోళశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేసి, ప్రస్తుతం హైదరాబాద్‌లో పోటీ పరీక్షలకు చదువుతున్నాను. మా ఆచార్యులు ఒకరి సూచన మేరకు తెలంగాణ జిల్లాల సరిహద్దుల మీద ఒక వ్యాసం మొదలుపెట్టాను గానీ, రాసేకొద్దీ సందేహాలు పెరుగుతున్నాయి. మన పుస్తకాల్లో సరిహద్దులకు భాష, నదులు, పరిపాలనా సౌలభ్యం అని మూడు కారణాలు చెప్పి వదిలేస్తారు. మనుషులు ఎక్కడ పనిచేస్తారు, ఆ పనికి ఎక్కడి నుంచి వస్తారు అన్నది ఆ లెక్కలోకి రాదు.

హైదరాబాద్ పటాన్నే తీసుకోండి. 1978 ఆగస్టు 15న పాత హైదరాబాద్ జిల్లాలో నగరాన్ని ఉంచి, చుట్టూ ఉన్న గ్రామీణ ప్రాంతాన్ని రంగారెడ్డి జిల్లాగా చేశారు. అజామాబాద్, సనత్‌నగర్ వంటి పాత పారిశ్రామికవాడలను పక్కన పెడితే, నగరం పేరు చెప్పగానే గుర్తొచ్చే బాలానగర్, జీడిమెట్ల, నాచారం, చర్లపల్లి, కాటేదాన్, పటాన్‌చెరు, గచ్చిబౌలి ఏవీ ఈనాటి హైదరాబాద్ జిల్లాలో లేవు. మేడ్చల్-మల్కాజిగిరి, రంగారెడ్డి, సంగారెడ్డి జిల్లాలు వాటిని పంచుకున్నాయి. నగరం పేరు మీద జరిగే ఉత్పత్తిలో పెద్ద భాగం నగర జిల్లా గీత బయట జరుగుతోందన్నమాట.

ఇది యాదృచ్ఛికమా, లేక సరిహద్దును చూసుకునే పరిశ్రమలు అక్కడ వెలిశాయా? 2016లో కొత్త జిల్లాలు గీసినప్పుడు, ముఖ్యంగా బొగ్గు ప్రాంతంలో, పనిని ఏమైనా లెక్కలోకి తీసుకున్నారా? ఇంకొకటి కూడా నన్ను వేధిస్తోంది. ఒక జిల్లా అభివృద్ధి చెందిందని మనం అంటున్నప్పుడు, ఆ జిల్లాలో నివసించేవారి గురించి చెబుతున్నామా, అక్కడికి వచ్చి పనిచేసి వెళ్ళేవారి గురించి చెబుతున్నామా? ఈ విషయాలను దగ్గర నుంచి చూసినవారు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం: పటాన్‌చెరు పాత ఉద్యోగి

పారిశ్రామికవాడల నిర్వహణకు సంబంధించిన కొలువులో చాలాకాలం ఉండి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి, మీ మొదటి ప్రశ్నకు కొంతవరకు జవాబు చెప్పగలను. హైదరాబాద్ విషయంలో రెండూ జరిగాయి గానీ ఒకేసారి జరగలేదు. మొదటి దశలో పరిశ్రమ నగరం అంచున స్థలం వెతుక్కుంది, రెండో దశలో జిల్లా గీతను చూసుకుని దాని అవతల పక్కకు చేరింది, మూడో దశలో పాలనా సరిహద్దులే పరిశ్రమ వెనక నడిచాయి.

నిజాం కాలంలో, 1929లో పారిశ్రామిక నిధిని ఏర్పాటు చేసిన తరువాత, ప్రభుత్వ పెట్టుబడితో వెలిసిన పెద్ద కర్మాగారాలు ముడిసరుకు ఉన్నచోటికి వెళ్ళాయి. చెరకు కోసం బోధన్‌లో 1937లో నిజాం చక్కెర కర్మాగారం, పత్తి కోసం వరంగల్‌లో 1934లో ఆజంజాహి మిల్లు, వెదురు కోసం ఆదిలాబాద్ అడవుల అంచున సిర్పూర్ కాగితం మిల్లు అలా వచ్చినవే. ముడిసరుకుతో నేరుగా ముడిపడని ఆల్విన్, ప్రాగా టూల్స్ వంటివి మాత్రం జంటనగరాల్లోనే ఉండిపోయాయి. స్వాతంత్ర్యం తరువాత 1960లలో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు వచ్చినప్పుడు బాలానగర్‌లో ఐడీపీఎల్, హెచ్‌ఏఎల్, రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, తూర్పున ఈసీఐఎల్ వెలిశాయి. అప్పట్లో అవన్నీ ఊరి బయట విశాలమైన స్థలాలు. ఒక్కో సంస్థ తన క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, బస్సులు తానే ఏర్పాటు చేసుకోవడం వల్ల, పంచాయతీతో గానీ జిల్లాతో గానీ వాటికి పెద్దగా అవసరం పడలేదు. పటం మీద ఏ జిల్లాలో ఉన్నా, ఆ కాలనీలు ఢిల్లీలోని మంత్రిత్వ శాఖలకే జవాబుదారీగా ఉండేవి.

1970ల నుంచి కథ మారింది. వెనుకబడిన జిల్లాల్లో పరిశ్రమ పెట్టేవారికి రాయితీ వడ్డీకి రుణాలు, పెట్టుబడి మీద సబ్సిడీ ఇవ్వాలని కేంద్రం నిర్ణయించింది. మెదక్ జిల్లా వెనుకబడిన జిల్లాల జాబితాలో ఉంది. హైదరాబాద్ ఆ జాబితాలో లేదు. ఇప్పుడు ఒక మందుల కంపెనీ యజమాని స్థానంలో నిలబడి ఆలోచించండి. నగరంలో ఇల్లు, పిల్లలకు నగరంలో చదువు, బ్యాంకు నగరంలో, బొంబాయి రహదారి నగరం నుంచే మొదలు. రాయితీ మాత్రం మెదక్ జిల్లాలో అడుగుపెడితే గాని రాదు. అలాంటప్పుడు ఎవరైనా మెదక్ పట్టణం దాకా, నారాయణఖేడ్ దాకా ఎందుకు వెళతారు? గీత దాటగానే ఆగుతారు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఖాజీపల్లి, గడ్డపోతారం అన్నీ ఆ జిల్లాకు నగరం వైపు ఉన్న అంచులోనే ఉన్నాయి. వెనుకబడిన జిల్లా పేరు మీద ఇచ్చిన రాయితీలో అధిక భాగం ఆ జిల్లాలో అతి తక్కువ వెనుకబడిన మూలకు చేరింది. మెదక్‌కు రాజకీయంగా అండ లేదని కూడా అనలేము. 1980లో ఇందిరాగాంధీ అక్కడి నుంచే లోక్‌సభకు ఎన్నికయ్యారు, 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారానికి పునాది పడింది. అదీ నగరానికి దగ్గరి చోటే.

ఈ అంచున పడిన పరిశ్రమ తాలూకు వ్యర్థాలు ఎటు వెళ్ళాయో చెప్పకుండా ఈ చర్చ పూర్తి కాదు. మొదట అవి నక్కవాగులో కలిశాయి. వాగు వెంట ఉన్న గ్రామాల పొలాలు, బావులు పాడై, 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళింది, రైతులకు పరిహారం దాకా వచ్చింది. తరువాత ఉమ్మడి శుద్ధి కేంద్రంలో శుభ్రపరచిన నీటిని పైప్‌లైన్ ద్వారా నగరం తూర్పు వైపున ఉన్న అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి పంపే ఏర్పాటు జరిగింది. అంబర్‌పేట దాటాక ఆ నీరు మూసీలో కలిసి, నల్లగొండ వైపు సాగుతుంది. మెదక్‌లో రాయితీ, హైదరాబాద్‌లో లాభం, నల్లగొండ దిక్కున మురుగు. జిల్లాల వారీగా అభివృద్ధి లెక్కలు వేసేవారు ఈ మూడింటినీ ఒకే వరుసలో పెట్టి చూడటం నేను ఏ నివేదికలోనూ గమనించలేదు.

పన్ను సంగతి మీ వ్యాసానికి బాగా పనికొస్తుంది. పారిశ్రామికవాడలకు ‘ఐలా’ అనే ప్రత్యేక స్థానిక వ్యవస్థ ఉంటుంది. వాడలోని కర్మాగారాల ఆస్తిపన్నును అది వసూలు చేసుకుని, రోడ్లు, దీపాలు, కాలువల నిర్వహణకు పెద్ద వాటా ఉంచుకుని, మిగిలినది గ్రామపంచాయతీకో మున్సిపాలిటీకో ఇస్తుంది. వాడ లోపలి రోడ్డు బాగుండాలంటే ఇది అవసరమే, కాదనను. కానీ గేటు అవతల కార్మికులు ఉండే ఇస్నాపూర్ వంటి చోట్లకు వెళ్ళి చూస్తే తేడా తెలుస్తుంది. రేకుల షెడ్డును గదులుగా విడగొట్టి అద్దెకు ఇస్తారు. పగటి షిఫ్టు వాళ్ళు లేచిన చాప మీదనే రాత్రి షిఫ్టు నుంచి వచ్చినవాళ్ళు పడుకుంటారు. వాళ్ళలో చాలామంది ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి కాంట్రాక్టరు వెంట వచ్చినవాళ్ళు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోతే, వారిలో ఎందరో ఈ రాష్ట్రాల వారే. వీళ్ళు నివసించే ఊరికి వీళ్ళ పని నుంచి వచ్చే పన్నులో దక్కేది తక్కువ, వీళ్ళ ఓటు మరో రాష్ట్రంలో ఉంటుంది.

మూడో దశ గురించి క్లుప్తంగా చెబుతాను. 1998లో మాదాపూర్‌లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు అది రంగారెడ్డి జిల్లాలోని ఒక శివారు. కొన్నేళ్ళకే ఆ ప్రాంతానికి ప్రత్యేక అభివృద్ధి సంస్థ, 2003లో సైబరాబాద్ పోలీసు కమిషనరేటు వచ్చాయి. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను కలిపి జీహెచ్‌ఎంసీని ఏర్పాటు చేసినప్పుడు, వాటిలో పటాన్‌చెరు, రామచంద్రాపురం కూడా ఉన్నాయి. దానితో ఒకే వీధి మున్సిపాలిటీ లెక్కన హైదరాబాద్‌లో, రెవెన్యూ లెక్కన మెదక్‌లో, పోలీసు లెక్కన సైబరాబాద్‌లో ఉండే పరిస్థితి వచ్చింది. ఇక్కడ పరిశ్రమ ముందు నడిచింది, గీతలు దాని వెంట పరుగెత్తాయి. ఒక్కటే మినహాయింపు: ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, భారీ నిర్మాణాలను నిషేధిస్తూ 1996లో ఇచ్చిన 111వ జీవో. ఆ గీతకు ఇవతల గచ్చిబౌలి ఆకాశానికి ఎదిగింది, అవతల చేవెళ్ళ వైపు కూరగాయల తోటలు మిగిలాయి. 2022లో ఆ జీవోను సడలిస్తూ ఉత్తర్వులు రాగానే అక్కడి భూమి ధరల గురించి ఎంత చర్చ జరిగిందో మీకు తెలిసే ఉంటుంది.

సమాధానం: గోదావరిఖని వాసి

పెద్దలు నగరం గురించి చెప్పారు కాబట్టి నేను బొగ్గు వైపు మాట్లాడతాను. మా నాయన బాయిలో పనిచేసి దిగిపోయారు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాను. మావైపు గనిని బాయి అనే అంటారు.

బొగ్గు ప్రాంతంలో పని తన సరిహద్దును తానే గీసుకుంది, అది కూడా జిల్లాలు ఇప్పటి రూపానికి రాకముందే. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గును కనుగొన్నారు, 1889లో తవ్వకం మొదలైంది. సరిగ్గా అదే కాలంలో నిజాం రైలుమార్గం వరంగల్ మీదుగా బెజవాడకు చేరింది, డోర్నకల్ నుంచి బొగ్గు కోసమే ఒక శాఖ వేశారు. 1929లో కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తయ్యేసరికి, గోదావరి లోయ వెంట ఇల్లందు నుంచి ఆసిఫాబాద్ దాకా ఒక పట్టీలా పరిచి ఉన్న బొగ్గుకు రెండు వైపులా దారి దొరికింది. ఆ పట్టీ వెంబడి కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, ఆ తరువాత గోదావరిఖని, చివరగా భూపాలపల్లి లేచాయి. ఈ ఊళ్ళ మధ్య బంధుత్వాలు, బదిలీలు, యూనియన్లు, సమ్మెలు అన్నీ ఒకటే. కొత్తగూడెం మనిషికి పక్కనున్న ఖమ్మం కంటే దూరాన ఉన్న బెల్లంపల్లి దగ్గరగా అనిపించేదంటే నమ్మండి. పటం మీద మాత్రం ఇది ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం అని నాలుగు జిల్లాల చివరి కొసలుగా ఉండేది.

2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాక, ఆ నాలుగు కొసలు కుమురం భీం ఆసిఫాబాద్, మంచిర్యాల, పెద్దపల్లి, జయశంకర్ భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం అని ఆరయ్యాయి. మంచిర్యాల వారికి ఇది నిజంగా మేలు చేసింది. అంతకు ముందు కలెక్టరు కార్యాలయంలో చిన్న పని ఉన్నా నూటయాభై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి ఆదిలాబాద్ వెళ్ళాల్సి వచ్చేది. కాబట్టి విభజన మొత్తాన్నీ తప్పుపట్టను. అయితే పనిని లెక్కలోకి తీసుకున్నారా అంటే, మా ఊరి సంగతి చూడండి. రామగుండం నగరపాలక సంస్థ. గనులు, ఎన్‌టీపీసీ, ఎరువుల కర్మాగారం అన్నీ అక్కడే. జిల్లా కేంద్రం మాత్రం దానికంటే చిన్నదైన పెద్దపల్లి. జనం ఎక్కువగా ఉన్న చోటు, పని ఉన్న చోటు ఒకటి, కార్యాలయాలు ఉన్న చోటు మరొకటి.

ఈ గీతలకు డబ్బు తోడైంది. 2015లో ఖనిజ చట్టాన్ని సవరించి, గని ఉన్న ప్రతి జిల్లాలోనూ జిల్లా ఖనిజ నిధి పెట్టాలన్నారు. పాత లీజుల విషయంలో రాయల్టీకి అదనంగా దానిలో 30 శాతం ఆ నిధికి జమ చేయాలి. అంటే చట్టం దృష్టిలో గని వల్ల నష్టపోయిన ప్రజల చిరునామా జిల్లా. బొగ్గు పొరకు జిల్లా తెలియదు, ఓపెన్‌కాస్టు (నేలను పైనుంచి తవ్వే గని) దుమ్ముకూ తెలియదు. గోదావరికి ఇవతల గుట్టలా పేరుకున్న మట్టి కుప్ప నుంచి లేచిన దుమ్ము గాలివాటాన అవతలి ఒడ్డున పడితే, ఆ ఒడ్డు మరో జిల్లా.

అభివృద్ధి ఎవరిది అన్న మీ మూడో ప్రశ్నకు మా దగ్గర కఠినమైన జవాబే ఉంది. 1990ల తొలినాళ్ళలో ఈ గనులను నడిపే సింగరేణి సంస్థలో లక్ష మందికి పైగా పనిచేసేవారు, ఇప్పుడు 40 వేల దగ్గరకు వచ్చింది. ఉత్పత్తి తగ్గి ఇలా కాలేదు, పెరుగుతూనే ఇలా అయింది. భూగర్భ గనుల్లో తట్టా చెమ్మస్ (గంపా పారా) పట్టి వందల మంది చేసిన పనిని ఓపెన్‌కాస్టులో షావెళ్ళు, డంపర్లు చేస్తున్నాయి. అందులోనూ మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టుకు పోయింది. నాయన చేతి నుంచి కొడుకుకు వచ్చే వారసత్వ ఉద్యోగం ఆగిపోయి, మళ్ళీ కారుణ్య నియామకాల రూపంలో వచ్చిందాకా మావైపు ఒక తరం పిల్లలు హైదరాబాద్ బస్సెక్కారు. జిల్లా ఉత్పత్తి లెక్కల్లో బొగ్గు విలువ నిండుగా కనిపిస్తుంది, బజారుకు వెళితే జీతం రోజున కూడా పాత సందడి లేదు. ఇల్లందులో బొగ్గు తగ్గినప్పుడు సంస్థ కేంద్రం కొత్తగూడేనికి మారింది. ఇల్లందు అక్కడే ఉండిపోయింది.

సమాధానం: శాసనాల సంచి

పై ఇద్దరి సమాధానాలకు ఒక కోణం జోడిస్తాను. పని సరిహద్దును ప్రభావితం చేసిందా అన్న దాని మీద మన రాష్ట్రంలో ఊహాగానం అవసరం లేదు, ఎందుకంటే మన దగ్గర ఉద్యోగాల కోసమే గీసిన సరిహద్దులు ఉన్నాయి.

1956లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలు కలిసినప్పుడు పెద్దమనుషుల ఒప్పందంలో ఉద్యోగాల అంశం ప్రధానమైనది. 1969 తెలంగాణ ఉద్యమం పాల్వంచ థర్మల్ కేంద్రంలో ఉద్యోగాలు ఎవరికి అన్న వివాదంతో రాజుకుందని గుర్తుచేసుకుంటే, పరిశ్రమకూ ప్రాంతీయ రాజకీయానికీ ఉన్న ముడి ఎంత సూటిగా ఉందో అర్థమవుతుంది. 1973లో ఆరుసూత్రాల పథకం, ఆ వెంటనే రాజ్యాంగంలో ఉద్యోగాల్లో స్థానికులకు రక్షణ కల్పించే 371-డి అధికరణం, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. ఆ ఉత్తర్వులు రాష్ట్రాన్ని ఆరు జోన్లుగా విభజించి, ఒక అభ్యర్థి ఎక్కడ చదివాడో దాన్నిబట్టి అతడు ఎక్కడి స్థానికుడో నిర్ణయించాయి. చిన్న తరగతుల్లో తండ్రి బదిలీ అయిన చోటు పెద్దయ్యాక కొడుకు ఉద్యోగ హక్కును తేల్చడం మన కుటుంబాల్లో ఎన్ని వాదులాటలకు కారణమైందో లెక్కలేదు. సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలు ఆ రక్షణ పరిధికి బయట ఉంచడం వల్ల, ఎక్కువ ఉద్యోగాలున్న హైదరాబాదే అతి పెద్ద మినహాయింపుగా మిగిలింది. తరువాత 1985లో, నిబంధనలకు విరుద్ధంగా నియమితులైన స్థానికేతరులను వెనక్కి పంపాలన్న 610 జీవో రావడానికి, అది అమలు కాలేదన్న ఆగ్రహం దశాబ్దాల పాటు నిలవడానికి మూలం ఇదే.

కొత్త జిల్లాలు వచ్చాక 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు రెండు మల్టీజోన్లను, ఏడు జోన్లను ఏర్పాటు చేసి, ప్రత్యక్ష నియామకాల్లో 95 శాతం స్థానికులకు కేటాయించాయి. 2021 చివర 317వ జీవో కింద ఉద్యోగులను కొత్త జిల్లాలకు సర్దినప్పుడు భార్య ఒక జిల్లాకు, భర్త మరో జిల్లాకు వెళ్ళిన ఉపాధ్యాయులు చేసిన ధర్నాలు మీకు గుర్తుండే ఉంటాయి. పరిపాలనా సౌలభ్యం కోసం గీశామన్న గీత, ఉద్యోగి జీవితంలో పని సరిహద్దుగా మారడమంటే ఇదే.

గోదావరిఖని వాసి గారు చెప్పిన దానికి ఒక అనుబంధం. సింగరేణి తన నియామకాల్లో నేటికీ ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం జిల్లాల వారినే స్థానికులుగా పరిగణించే పద్ధతిని పాటిస్తోంది. రెవెన్యూ పటంలో మాయమైన ఆ నాలుగు ఉమ్మడి జిల్లాలు ఉద్యోగ ప్రకటనలో సజీవంగా ఉన్నాయి. ప్రైవేటు రంగానికి ఈ ఉత్తర్వులేవీ వర్తించవు, కనుకనే పాశమైలారంలోనూ మాదాపూర్‌లోనూ స్థానికత అన్న ప్రశ్న చట్టం ముందుకు రాదు.

అశోక్‌నగర్ పాఠకుడు

ముగ్గురికీ కృతజ్ఞతలు. రాయితీ కోసం జిల్లా అంచున ఆగిన కర్మాగారాల సంగతి నా దృష్టికి అసలు రాలేదు. ఒక చిన్న అనుబంధ ప్రశ్న. జిల్లాల మాట అలా ఉంచి, ఒక ప్రాజెక్టు కోసమో పరిశ్రమ కోసమో రాష్ట్రాల మధ్య గీతనే జరిపిన ఉదాహరణలు ఉన్నాయా? ఇంకా, జిల్లాల వారీ లెక్కలను 2016కు ముందు, తరువాత ఎలా పోల్చాలో కూడా ఎవరైనా చెబితే మేలు.

సమాధానం: తుంగభద్ర తీరం

ఉన్నాయి, మనవాళ్ళు తరచుగా మరిచిపోయేది బళ్ళారి. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి తాలూకా భాష ఆధారంగా మైసూరుకు వెళ్ళింది. రెండేళ్ళకు రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం, తుంగభద్ర ప్రాజెక్టు నిర్వహణను దృష్టిలో పెట్టుకుని, బళ్ళారి, హోసపేట, సిరుగుప్ప తాలూకాలను ఆంధ్రకు ఇవ్వాలని సిఫారసు చేసింది. కేంద్రం దాన్ని ఆమోదించలేదు. అంటే ఒకే చోట భాష ఒక గీత చెప్పింది, నీరు మరో గీత చెప్పింది, చివరికి భాష గెలిచింది. అదే ప్రాంతంలో తరువాత ఇనుప ఖనిజం ధర పెరిగినప్పుడు, అనంతపురం–బళ్ళారి సరిహద్దు ఎక్కడుందన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఎవరూ పట్టించుకోని అడవిలోని గీతకు గని రాగానే విలువ వచ్చింది.

ఉత్తరాన ఫలితం తలకిందులైంది. 1956లో బిహార్‌లోని మాన్‌భూం జిల్లా నుంచి పురులియా ప్రాంతాన్ని పశ్చిమబెంగాల్‌కు ఇచ్చినప్పుడు, జంషెడ్‌పూర్‌కు నీటి సరఫరా దెబ్బతినకుండా ఉండేందుకు చాండిల్, పటమ్దా వైపు ప్రాంతాన్ని బిహార్‌లోనే ఉంచేశారు. అక్కడ ఒక ఉక్కు నగరం అవసరం భాష వాదన మీద గెలిచింది.

దగ్గరి కాలంలో పోలవరం ఉంది. 2014లో ముంపు మండలాలను ఖమ్మం జిల్లా నుంచి విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. వాటితోపాటు మోతుగూడెం దగ్గరున్న 460 మెగావాట్ల దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం కూడా అటు వెళ్ళింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది గానీ, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక వంటి గ్రామాలు పక్క రాష్ట్రం అయ్యాయి. పట్టణంలో చెత్త పోయడానికి స్థలం లేక, ఆ పంచాయతీలను తిరిగి ఇవ్వాలని కోరుతూనే ఉన్నారు. ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, అదే విభజనలో విద్యుత్తును కేంద్రం ఎక్కడ ఉందో చూసి పంచలేదు, గత వినియోగం ఆధారంగా తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం అని పంచారు. హైదరాబాద్‌లోని కర్మాగారాలు, కార్యాలయాలు, తెలంగాణలోని బోర్లు అంతకు ముందు వాడుకున్న కరెంటే ఆ వాటాను నిర్ణయించింది. భూమిని ఒక సూత్రంతో, దాని మీద నడిచే పనికి కావలసిన శక్తిని వేరొక సూత్రంతో పంచిన సందర్భం నాకు ఇదొక్కటే తెలుసు. తరువాత ఆ వాటా అమలు మీద రెండు రాష్ట్రాలు వివాదపడ్డాయన్నది వేరే కథ.

సమాధానం: గణాంకాల గుమాస్తా

రెండో భాగానికి నేను చెబుతాను. 2011 జనగణన పది జిల్లాల లెక్కన ఉంది. 2016 తరువాత జిల్లాలు మొదట 31, 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. జిల్లాలతో పాటు 2016లోనే మండలాలు కూడా 459 నుంచి 584కు పెరిగాయి కాబట్టి, మండలాల పేర్లు కలిపి పాత జిల్లాను తిరిగి కూర్చడం కుదరదు. ఉదాహరణకు అమీన్‌పూర్, గుమ్మడిదల పాత జాబితాలో మండలాలుగా కనబడవు. గ్రామాల కోడ్ నంబర్లతో కింది నుంచి కూర్చుకుంటూ రావాలి. విసుగు పుట్టించే పనే, మరో దారి లేదు.

జిల్లా తలసరి ఆదాయాన్ని వాడేటప్పుడు ఇంకా జాగ్రత్త అవసరం. ఆ లెక్కలో ఆదాయం పుట్టిన చోటును బట్టి జిల్లాకు చేరుతుంది, జనాభా నివసించే చోటును బట్టి లెక్కకు వస్తుంది. కొండాపూర్‌లో పనిచేసి కూకట్‌పల్లిలో నివసించే ఇంజనీరు సృష్టించిన విలువ రంగారెడ్డి ఖాతాలో పడుతుంది, ఆయన తల మేడ్చల్-మల్కాజిగిరి ఖాతాలో పడుతుంది. తలసరిలో రంగారెడ్డి రాష్ట్రంలో మొదటి స్థానంలో ఉండటానికి ఇదీ ఒక కారణం. 2016కు ముందు వికారాబాద్, తాండూరు, పరిగి కూడా రంగారెడ్డిలోనే ఉండేవి, వాటి పేదరికం మాదాపూర్ సగటు కింద దాగి ఉండేది. విడిపోయాక వికారాబాద్ రాష్ట్రంలో అట్టడుగు వరుసలో కనిపించింది. ఆ ఊళ్ళలో రాత్రికి రాత్రి ఏమీ మారలేదు, సగటు తీసే గీత మాత్రమే మారింది.

నివాసానికీ పనిచోటుకూ మధ్య దూరం గురించి నేరుగా చెప్పే సమాచారం కావాలంటే, 2011 జనగణనలోని బి-28 పట్టిక చూడండి. వ్యవసాయం, గృహ పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవారు ఇంటి నుంచి పనికి ఎన్ని కిలోమీటర్లు, ఏ వాహనం మీద వెళతారో అందులో జిల్లాల వారీగా ఉంటుంది. పాత మెదక్, పాత రంగారెడ్డి, హైదరాబాద్ మూడింటినీ పక్కపక్కన పెట్టి మొదలుపెట్టండి. మొత్తం రాష్ట్రం జోలికి ఇప్పుడే వెళ్ళకండి.